విండోస్‌తో పాటే వచ్చే మెయింటెనెన్స్ టూల్స్: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది మార్కెట్లోకి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ రివ్యూ కాదండి. మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్న వాటి రివ్యూ. టాస్క్ మేనేజర్, స్టోరేజ్ సెన్స్, విండోస్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్, ఇవన్నీ పేర్లు తెలిసినవే కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కంప్యూటర్ స్లో అవగానే అందరం బయటి సాఫ్ట్‌వేర్ కోసమే వెతుకుతాం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. నేను డబ్బులు పెట్టి కంప్యూటర్‌ని శుభ్రం చేసి స్పీడ్ పెంచుతానని చెప్పే క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఒకటి కొని, అది తెచ్చిన తలనొప్పి అంతా అనుభవించి, చివరికి దాన్ని తీసేసి లోపల ఉన్న వాటితోనే బండి నడుపుతున్నా, ఏడాదిన్నర అయింది, ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను కాబట్టి రాస్తున్నా.

మా ఇంట్లో ఉన్నది 2018లో తీసుకున్న డెస్క్‌టాప్. 8వ జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. వాడేది ముగ్గురం. అమ్మకి వీడియో కాల్స్, నాన్నకి బ్యాంకు పనులు, కరెంటు బిల్లులు, ఏవో ఉత్తరాలు టైప్ చేసుకోవడం, నాకు ఆఫీసు పని. మొదట్లో బాగానే ఉండేది, నాలుగైదేళ్లు తిరిగేసరికి నత్తనడక మొదలైంది. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకుని ఒక పేజీ కనపడేదాకా 6 నిమిషాలు, స్టాప్‌వాచ్ పెట్టి మరీ చూశా. నాన్న అయితే బటన్ నొక్కేసి వెళ్లి స్నానం చేసి వచ్చేవారు.

అప్పుడు కొన్నా ఆ క్లీనర్. పేరు చెప్పను, ఈ రకం సాఫ్ట్‌వేర్లన్నీ ఇంచుమించు ఒకే తీరు. ఫ్రీ స్కాన్ అంటుంది, రెండు నిమిషాలు ఏదో తిరుగుతుంది, తర్వాత ఎర్ర రంగులో 1,400 సమస్యలు ఉన్నాయి అంటుంది, ఫిక్స్ చేయాలంటే డబ్బు కట్టమంటుంది. కట్టా. ఫిక్స్ చేసింది. మర్నాడు మళ్లీ స్కాన్ చేస్తే మళ్లీ 900. ఆ సమస్యలేంటని ఒక్కొక్కటీ తెరిచి చూస్తే ఎక్కువ భాగం బ్రౌజర్ కుకీలు, ఇంకా రిజిస్ట్రీలో పాత ఎంట్రీలు. కుకీలంటే సైట్లు మన బ్రౌజర్‌లో పెట్టుకునే చిన్న ఫైళ్లు, అవి సమస్య కాదండి, దాదాపు ఏ సైట్ తెరిచినా వస్తాయి. ఇక రిజిస్ట్రీ అంటే విండోస్, మిగతా ప్రోగ్రాములు తమ సెట్టింగులన్నీ రాసుకునే ఒక పెద్ద చిట్టా, అందులో కొన్ని వందల పాత ఎంట్రీలు తీసేసినంత మాత్రాన స్పీడ్ ఏమీ పెరగదు, ఎందుకంటే విండోస్ ఆ చిట్టాని మొదటి నుంచి చివరిదాకా చదవదు, తనకి కావలసిన పేజీ దగ్గరికే నేరుగా వెళ్తుంది. పైగా అవసరమైన ఎంట్రీ ఒకటి పోతే అసలుకే ఎసరు. మాకు అదే జరిగింది, క్లీన్ చేసిన వారానికి ప్రింటర్ కనపడటం మానేసింది, దాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. రిజిస్ట్రీ క్లీనర్లకి మేము సపోర్ట్ ఇవ్వం అని మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ సపోర్ట్ పేజీలోనే స్పష్టంగా రాసి పెట్టారు, ఆ సంగతి నేను తర్వాత చదివా.

పేరున్న క్లీనర్ అయితే పర్వాలేదు కదా అనుకుంటారేమో. 2017లో సీక్లీనర్ సంగతి చూడండి, దాని 5.33 వెర్షన్ ఇన్‌స్టాలర్‌లోకే హ్యాకర్లు తమ కోడ్ దూర్చేశారు, కంపెనీ సొంత సర్వర్ నుంచి డౌన్‌లోడ్ చేసుకున్న వాళ్లకి కూడా అదే వచ్చింది, అలా దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లలోకి వెళ్లింది. తర్వాత సరిచేశారు, అది వేరే విషయం. నేను చెప్పేది ఏంటంటే, సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉండే సాఫ్ట్‌వేర్ ఇంకోటి పెట్టుకున్నామంటే ఇంటికి ఇంకో తలుపు పెట్టినట్టే. ఆ తలుపు నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

సరే, అసలు రివ్యూకి వస్తా. టాస్క్ మేనేజర్‌తో మొదలుపెడతా, ఎందుకంటే నా దృష్టిలో అన్నిటికంటే విలువైన టూల్ ఇదే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. హ్యాంగ్ అయిన ప్రోగ్రాముని ఆపడానికే ఇది ఉందని చాలామంది అనుకుంటారు కానీ దీని అసలు పని రోగం ఎక్కడుందో చూపించడం. కంప్యూటర్ స్లోగా ఉన్నప్పుడే తెరవాలి, బాగున్నప్పుడు తెరిస్తే ఏం తెలీదు. పైన సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని వరసలు ఉంటాయి, వాటిలో ఏది నిండిపోయిందో చూడాలి. మా దాంట్లో సీపీయూ 12 శాతం, మెమరీ 60 శాతం, డిస్క్ మాత్రం 100 శాతం, ఆ 100 అలాగే ముదురు రంగులో నాలుగైదు నిమిషాలు కదలకుండా నిలబడింది. అంటే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, హార్డ్ డిస్క్ నుంచి డేటా ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తూ కూర్చుంది. ఈ ఒక్క స్క్రీన్ ముందే చూసి ఉంటే క్లీనర్ కొనేవాణ్ణే కాదు. మీకు మెమరీ 90 దాటి ఉంటే ర్యామ్ చాలట్లేదని, సీపీయూ నిండి ఉంటే ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని నమిలేస్తోందని అర్థం. రోగాన్ని బట్టే మందు కదా.

అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అని ఇంకో ట్యాబ్ ఉంది. కంప్యూటర్ ఆన్ అవగానే మనం అడక్కుండానే లేచి కూర్చునే ప్రోగ్రాముల లిస్టు అది. మా లిస్టులో 19 ఉన్నాయి. పక్కన స్టార్టప్ ఇంపాక్ట్ అని వరస ఉంటుంది, హై, మీడియం, లో అని. ఆన్ అయ్యేటప్పుడు 1 సెకను కంటే ఎక్కువ సీపీయూ టైమ్ గానీ 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్క్ గానీ వాడితే దానికి హై అని వేస్తుంది. ఆ హై ఉన్నవాటిలో నేను డబ్బు పెట్టి కొన్న క్లీనర్ కూడా ఉంది! కంప్యూటర్‌ని స్పీడ్ చేస్తానని వచ్చింది కదా, అదే కూర్చుని స్పీడ్ తినేస్తోంది. ఆ రోజే తీసేశా. మిగతా వాటిలో మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్, ఎప్పుడో వాడిన స్కానర్ సాఫ్ట్‌వేర్, రెండు మూడు అప్‌డేటర్లు, ఇవన్నీ రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేశా. డిసేబుల్ అంటే డిలీట్ కాదు, భయపడక్కర్లేదు, కావాలన్నప్పుడు మనం తెరిస్తే మామూలుగానే పనిచేస్తాయి, వాటంతట అవి లేవవు, అంతే. ఆడియో డ్రైవర్‌వి, విండోస్ సెక్యూరిటీ ఐకాన్ మాత్రం ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోకండి, ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్‌వి కూడా. 19 కాస్తా 5 అయ్యాయి, 6 నిమిషాలు కాస్తా 4 చిల్లర అయ్యింది. రూపాయి ఖర్చు లేకుండా.

దీనికి ఒక లోటు మాత్రం ఉంది. గ్రాఫిక్స్ కార్డ్ టెంపరేచర్ చూపిస్తుంది కానీ సీపీయూ ఎంత వేడెక్కిందో చూపించదు. ఇంటి కంప్యూటర్లలో చాలా జబ్బులు వేడి వల్ల కూడా వస్తాయి, అలాంటప్పుడు ఇంత ముఖ్యమైనది ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాదు. దానికోసం హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఫ్రీ టూల్ వేసుకున్నా.

ఇక్కడే ఇంకో మాట. మీరు రోజూ షట్‌డౌన్ చేస్తున్నారా? మా నాన్న కూడా చేస్తారు, చాలా పద్ధతిగా. కానీ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, సీపీయూ దగ్గర అప్ టైమ్ అని ఉంటుంది చూడండి, మా దాంట్లో 23 రోజులు అని చూపించింది! రోజూ ఆపుతున్న మెషిన్ 23 రోజులుగా నడుస్తోందా అని ముందు నమ్మలేదు. కారణం ఫాస్ట్ స్టార్టప్, విండోస్ 8 నుంచి ఉంది, షట్‌డౌన్ కొట్టినప్పుడు మన ప్రోగ్రాములు మూసేస్తుంది కానీ విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌ని డిస్క్ మీద దాచి మర్నాడు మళ్లీ దాన్నే లేపుతుంది. త్వరగా ఆన్ అవ్వాలని పెట్టిందే, తప్పు కాదు, కానీ డ్రైవర్లలో పేరుకున్న చిక్కులు కూడా అలాగే మళ్లీ లేస్తాయి. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. కాబట్టి వారానికి ఒకసారైనా షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టండి. మా ఇంట్లో ఆదివారం రీస్టార్ట్ అని నాన్న క్యాలెండర్ మీద రాసుకున్నారు.

స్టోరేజ్ సెన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగా పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్. ఒకసారి ఆన్ చేసి వదిలేస్తే టెంపరరీ ఫైళ్లు, రీసైకిల్ బిన్‌లో 30 రోజులు దాటినవి దానంతట అదే తీసేస్తుంది. ఒక్క జాగ్రత్త, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని కూడా శుభ్రం చేసే ఆప్షన్ అందులో ఉంది, మామూలుగా నెవర్ అనే ఉంటుంది, దాన్ని అలాగే ఉండనివ్వండి. మా నాన్న లాంటి వాళ్లకి డౌన్‌లోడ్స్ ఫోల్డరే బీరువా, బ్యాంకు స్టేట్‌మెంట్ల దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ కాగితాల దాకా అన్నీ అందులోనే ఉంటాయి. సీ డ్రైవ్‌లో ఎప్పుడూ కొంచెం ఖాళీ ఉండేలా చూసుకుంటే చాలు, పూర్తిగా నిండిపోతే అప్‌డేట్లు కూడా దిగవు.

డిస్క్ విషయానికి వస్తే అసలు మార్పు ఇక్కడే వచ్చింది. స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్మెంట్ అని కొడితే ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనే చిన్న టూల్ వస్తుంది, వారానికోసారి దానంతట అదే నడుస్తుంది. హార్డ్ డిస్క్ అయితే చెల్లాచెదురుగా ఉన్న ఫైల్ ముక్కల్ని ఒకచోటికి చేరుస్తుంది, ఎస్ఎస్‌డీ (తిరిగే చక్రం లేకుండా చిప్‌ల మీదే డేటా దాచే డ్రైవ్) అయితే ట్రిమ్ అనే కమాండ్ పంపుతుంది, అంటే ఈ గదులు ఖాళీ అయ్యాయి వాడుకోవచ్చు అని డ్రైవ్‌కి చెప్పడం అన్నమాట. ఏది ఎస్ఎస్‌డీనో ఏది కాదో దానికే తెలుసు. బయటి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి ఎస్ఎస్‌డీ మీద నడపకండి, స్పీడ్ ఏం పెరగదు, ఊరికే రాతలు రాయించి దాని ఆయుష్షు తగ్గించడమే. ఈ టూల్‌తో నాకు ఏ కంప్లైంటూ లేదు, కానీ దీని చేతిలో ఉన్నది తక్కువే. 7,200 ఆర్పీఎం హార్డ్ డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది, పైగా చదివే సూది అటూ ఇటూ కదలాలి, అందుకే చిన్న చిన్న ఫైళ్లయితే సెకనుకి ఓ వంద చదవగలదేమో. మామూలు ఎస్ఎస్‌డీ కూడా వేలకి వేలు చదివేస్తుంది. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు చదివేవాటిలో చాలా భాగం అలాంటి చిన్న ఫైళ్లే. అలాంటప్పుడు ఎన్ని క్లీనర్లు పెట్టినా ఏం లాభం?

కాబట్టి సాటా ఎస్ఎస్‌డీ ఒకటి తెచ్చి వేశా. పాత డిస్క్‌ని క్లోన్ చేయకుండా (అంటే ఉన్నదున్నట్టు కాపీ చేయకుండా) విండోస్ ఫ్రెష్‌గా ఎక్కించుకున్నా, 8 జీబీ పెన్ డ్రైవ్ ఉంటే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో అయిపోతుంది, మదర్‌బోర్డ్ మారలేదు కాబట్టి లైసెన్స్ దానంతట అదే పట్టుకుంది. చేసే ముందు రెండు పనులు మర్చిపోకండి. ఒకటి, మీ ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. రెండు, డిస్క్‌లో ఉన్నదానికి తాళం వేసి ఉంచే డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఆన్ అయి ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, 48 అంకెలు ఉంటాయి, అది లేకపోతే పాత డిస్క్ మీ చేతిలో ఉన్నా అందులో ఉన్నది మీకు దక్కదు. ఎస్ఎస్‌డీ వేశాక బటన్ నొక్కి బ్రౌజర్ తెరిచేదాకా 25 సెకన్లు. అదే ప్రాసెసర్, అదే ర్యామ్. నాన్న రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసి చూసుకున్నారు.

పాత హార్డ్ డిస్క్‌ని ఫొటోల కోసం లోపలే ఉంచా, కానీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ టూల్‌తో దాని ఆరోగ్యం నెలకోసారి చూస్తా. రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అని రెండు లైన్లు ఉంటాయి, ఆ అంకెలు నెలనెలా పెరుగుతున్నాయంటే డిస్క్ పోబోతోందని లెక్క, వెంటనే డేటా బయటికి తీసేయాలి. ఇది కూడా విండోస్‌లోనే ఉండాల్సింది, విండోస్ 11 సెట్టింగ్స్‌లో డ్రైవ్ హెల్త్ చూపించేది ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీలకే. మామూలు హార్డ్ డిస్కులే కదా ఎక్కువగా పోయేది, వాటికే చూపించకపోతే ఎలా!

ఎస్ఎస్‌డీ వేయడానికి సైడ్ ప్యానెల్ విప్పినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. సీపీయూ ఫ్యాన్ కింద ఉండే హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము. పైపైన ఉండే పొడి దుమ్ము కాదండి, పరుపులోంచి తీసిన దూదిలా ఒత్తుగా, బూడిద రంగులో, ఒక అంచు పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది, అందులో వెంట్రుకలు, దారపు పోగులు కూడా. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది పాపం, గాలి కిందకి దిగే దారే లేదు. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే తనని తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించేసుకుంటుంది, అమ్మ వీడియో కాల్ పావుగంట దాటాక గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది అందుకే, మేము నెట్ బాలేదని ఇన్నాళ్లూ నెట్ వాళ్లని తిట్టాం. శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకుని, లోపల మిగిలిన కరెంటు పోయాక ఒకసారి క్యాబినెట్ ఇనుము ముట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. మెత్తటి బ్రష్, గాలి కొట్టే బ్లోయర్ చాలు. ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకునే గాలి కొట్టాలి, వదిలేస్తే బొంగరంలా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటు పుట్టి లోపలి భాగాలు దెబ్బతినొచ్చు. ప్రాసెసర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ కూడా ఎండి పెచ్చులుగా ఉంటే పాతది తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టా. ముందు కాల్‌లో 92 డిగ్రీలు చూపించేది, తర్వాత 66 దాటలేదు. ఇది ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని, ఆరు నెలలకోసారి మనమే చేసుకోవాలి.

ఇప్పుడు సెక్యూరిటీ. డబ్బు కట్టే యాంటీవైరస్ లేకుండా భద్రంగా ఉంటామా అని అందరూ అడిగేదే. విండోస్ సెక్యూరిటీలో ఉండే యాంటీవైరసే డిఫెండర్, అది విండోస్ 8తో 2012లో పూర్తి యాంటీవైరస్‌గా మారింది, మొదట్లో దానికి మంచి పేరు లేదు, నిజమే. కానీ ఇప్పుడు అలా లేదు, ఏవీ-టెస్ట్ లాంటి ల్యాబ్‌ల పరీక్షల్లో ఏళ్లుగా మంచి మార్కులే తెచ్చుకుంటోంది. మా మెషిన్‌లో ఏడాదిన్నరలో రెండుసార్లు పట్టుకుంది, రెండూ ఫ్రీ కన్వర్టర్ అని దించిన ఫైళ్లే. నేను మార్చిన సెట్టింగ్ ఒకటే, విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్, అక్కడ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఈ క్లీనర్ లాంటి సరుకుని గుమ్మంలోనే ఆపుతుంది. అనుమానం ఉంటే ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, విండోస్ లేవకముందే స్కాన్ చేస్తుంది, ఓ పావుగంట పడుతుంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్‌సమ్‌వేర్ నుంచి ఫోల్డర్లని కాపాడే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా ఉంది కానీ నాకు నచ్చలేదు, మంచి ప్రోగ్రాముల్ని కూడా ఆపేస్తోంది, నాన్న ఉత్తరం సేవ్ కావట్లేదని రోజూ గొడవ, రెండు వారాలు చూసి ఆపేశా.

కానీ డిఫెండర్ ఆపలేనిది ఒకటి ఉంది, అది చెప్పడానికే ఈ రివ్యూ రాయాలనుకున్నా. ఒకరోజు ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, కంప్యూటర్‌లో ఎర్ర బొమ్మ వస్తోందిరా, అయిదు వైరస్‌లు ఉన్నాయంట, నొక్కితే ఒక నంబర్ ఇచ్చి ఫోన్ చేయమంటోంది, చేయనా?" అని. "అమ్మా, ఏం చేయకు, వైరు పీకెయ్, నేను వస్తున్నా" అన్నా. ఇంటికొచ్చి చూస్తే కింద కుడి మూలన, సరిగ్గా విండోస్ నోటిఫికేషన్లు వచ్చే చోటే, షీల్డ్ గుర్తుతో సహా వస్తోంది, అచ్చం యాంటీవైరస్ చెప్పినట్టే ఉంది. జాగ్రత్తగా చూస్తే ఆ పెట్టెలో అడుగున చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు, ఏదో ముక్కూ మొహం తెలియని సైట్ పేరు. అంటే వైరస్ లేదు ఏం లేదు, అమ్మ ఎప్పుడో ఒక సైట్‌లో అలో అని నొక్కింది, ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది, అంతే. క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దగ్గరికి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేసి, ఇకమీదట ఏ సైటూ అడగకుండా పెట్టేశా. ఆ నంబర్‌కి ఫోన్ చేసి ఉంటే వాళ్లు దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపే రిమోట్ యాప్ వేయించి, నాన్న బ్యాంకు పని చేసే కంప్యూటర్ మొత్తం చేతుల్లోకి తీసుకునేవాళ్లు. తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. నిజమైన యాంటీవైరస్ ఏదీ, మైక్రోసాఫ్ట్ తో సహా, వార్నింగ్‌లో ఫోన్ నంబర్ పెట్టదు. ఈ ఒక్క వాక్యం మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి, దయచేసి ఈరోజే చెప్పండి. అమ్మ అడిగింది కాబట్టి సరిపోయింది, అడిగినందుకు ఆ రోజు ఎంత మెచ్చుకున్నానో.

దాంతోపాటు బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్లు కూడా చూసుకోండి. మా దాంట్లో 11 ఉన్నాయి, రెండు ఉంచి మిగతావి తీసేశా. ఎక్స్‌టెన్షన్‌కి అన్ని సైట్లూ చదివే అనుమతి ఉందంటే మీరు బ్యాంకు పేజీలో చూసేది అది కూడా చూడగలదు.

విండోస్ అప్‌డేట్ మీద నాకు కోపం ఉంది, అయినా ఆపొద్దనే చెప్తా. ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. పని మధ్యలో రీస్టార్ట్ అంటూ నస పెడుతుంది, యాక్టివ్ అవర్స్ (మనం కంప్యూటర్ వాడే వేళలు) సరిగ్గా పెట్టుకుంటే ఆ గోల చాలావరకు తగ్గింది, మరీ ముఖ్యమైన పని ఉంటే 5 వారాల దాకా పాజ్ పెట్టుకోవచ్చు. కానీ పూర్తిగా ఆపేయడం మాత్రం తప్పు. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్‌సమ్‌వేర్ వచ్చి ఆసుపత్రుల కంప్యూటర్లతో సహా లక్షల మెషిన్లని తాళం వేసి కూర్చుంది కదా, దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, దాదాపు రెండు నెలల ముందు! అప్పటికే వేసుకున్న వాళ్లకి ఏం కాలేదు. ఇంకా విండోస్ 10 మీద ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ అయిపోయింది, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తారు. మా మెషిన్ 8వ జనరేషన్ కాబట్టి, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యాన్ని బయోస్‌లో (విండోస్ లేవకముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆన్ చేయగానే విండోస్ 11కి వెళ్లిపోయింది. పాత ప్రాసెసర్ వాళ్లకి ఆ దారి లేదు, బాగా పనిచేస్తున్న మెషిన్లని ఇలా పక్కన పెట్టించడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకుంటే బ్రౌజింగ్‌కి, వీడియో కాల్స్‌కి హాయిగా ఇంకొన్నేళ్లు వస్తుంది.

యూజర్ అకౌంట్ల సంగతి చాలామంది అసలు పట్టించుకోరు. అమ్మకీ నాన్నకీ స్టాండర్డ్ అకౌంట్లు పెట్టా, అడ్మినిస్ట్రేటర్ ఒక్కటే, దాని పాస్‌వర్డ్ నా దగ్గర. సిస్టమ్ మొత్తానికి ఏదైనా ఇన్‌స్టాల్ అవ్వాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అడిగినప్పుడు వాళ్లు నాకు ఫోన్ చేస్తారు, అక్కడే సగం ప్రమాదాలు ఆగిపోతున్నాయి. అయిదు నిమిషాల పని, అప్పట్నుంచి కొత్త టూల్‌బార్ ఒక్కటి కూడా రాలేదు.

బ్యాకప్ దగ్గర మాత్రం విండోస్‌కి నేను తక్కువ మార్కులే వేస్తా. ఫైల్ హిస్టరీ అనే మంచి టూల్ ఉంది, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెడితే మార్చిన ఫైళ్ల పాత వెర్షన్లతో సహా దాచిపెడుతుంది, నాన్న ఒక ఉత్తరం మీద ఇంకో ఉత్తరం సేవ్ చేసేస్తే పాతది అందులోంచే తీశా. కానీ విండోస్ 11లో దాన్ని పాత కంట్రోల్ ప్యానెల్‌లో ఓ మూలకి నెట్టేశారు, సెట్టింగ్స్‌లో బ్యాకప్ అని వెతికితే వన్‌డ్రైవ్ చూపిస్తారు, ఫ్రీగా వచ్చేది 5 జీబీ, అందులో ఇంటి ఫొటోలు ఏ మూలకి? డ్రైవ్‌ని బ్యాకప్ అవ్వగానే పీకేయండి, తగిలించి ఉంచితే ర్యాన్‌సమ్‌వేర్ వచ్చినప్పుడు దాన్ని కూడా కలిపి తాళం వేస్తుంది. మా ఫొటోలు మూడు చోట్ల ఉన్నాయి, కంప్యూటర్‌లో, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో, మా చెల్లి వాళ్లింట్లో ఉన్న ఇంకో డ్రైవ్‌లో.

మొత్తం మీద 5కి 4 ఇస్తున్నా. టాస్క్ మేనేజర్‌కీ డిఫెండర్‌కీ అయితే విడిగా అయిదుకి అయిదు. ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఇన్ని మంచి టూల్స్ పెట్టి ఒకటి సెట్టింగ్స్‌లో, ఒకటి కంట్రోల్ ప్యానెల్‌లో, ఒకటి స్టార్ట్ మెనూలో వెతికితే తప్ప దొరకని చోట, ఇలా తలా ఓ దిక్కున పడేశారు. ఫాస్ట్ స్టార్టప్ ఆపే టిక్ బాక్స్ దొరకడానికి కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ, అందులో మళ్లీ ఇంకో నీలం లింకు నొక్కాలి. మా నాన్నకి ఆ దారి మొత్తం కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించా, ఇప్పటికీ అక్కడే ఉంది.